సైన్యం కావాలా, సారథి కావాలా?



ఈ వారం వీడియోలో కురుక్షేత్రంలో అర్జునుడి రథం గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ సరిపోక కొన్ని విషయాలు వదిలేయాల్సి వచ్చింది. అవి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదటి నుంచీ చెప్తాను.

ముందు ఒక ప్రశ్న. కొన్ని రోజుల క్రితం ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అన్నా, నేను రోజూ దీపం పెడతాను. శనివారం గుడికి వెళ్తాను. ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. పీజీలో ఉంటున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రోజూ ఆఫీస్‌కి వెళ్తున్నట్టే అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. దేవుడు ఎప్పుడూ మన వెంటే ఉంటాడని మీరు చెప్తారు. ఉంటే మరి ఏం చేస్తున్నాడు?"

ఆ చివరి మాట నన్ను చాలాసేపు వదల్లేదు. ఎందుకంటే ఒకప్పుడు నేను కూడా అదే అడిగాను, ఒక ఆసుపత్రి కారిడార్‌లో నిలబడి. ఆ సంగతి తర్వాత చెప్తాను. "ఉంటే ఏం చేస్తున్నాడు?" అన్న ప్రశ్నకి మహాభారతంలో చాలా నిజాయితీ అయిన సమాధానం ఉంది. విరాటపర్వం నుంచి చివరి వరకు పదిహేను పర్వాలు మనకి తెలుగులో ఇచ్చినవాడు తిక్కన. ఈరోజు మనం చూడబోయే ఘట్టాలన్నీ ఆ పదిహేనులోనే ఉన్నాయి.

ద్వారకలో ఆ రోజు

యుద్ధం తప్పదని తేలిపోయింది. శ్రీకృష్ణుడి సహాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఒకే రోజు ద్వారకకి వెళ్లారు. కృష్ణుడు పడుకుని ఉన్నాడు. ముందు వచ్చిన దుర్యోధనుడు తల దగ్గర మంచి ఆసనం చూసుకుని కూర్చున్నాడు. వెనకాల వచ్చిన అర్జునుడు కాళ్ల దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. ఈ సీన్ మన తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకం పద్యాలు పాడని ఊరు ఒకప్పుడు లేదు. మీ తాతగారిని అడిగి చూడండి, రాగం తీసి మరీ వినిపిస్తారు.

కృష్ణుడు కళ్లు తెరవగానే ఎదురుగా అర్జునుడు కనిపించాడు. ముందు వచ్చింది నేనేనని దుర్యోధనుడు అన్నాడు. ముందు నేను చూసింది ఇతన్ని అని కృష్ణుడన్నాడు. ఇద్దరికీ సాయం చేస్తానని చెప్పి రెండు భాగాలు పెట్టాడు. ఒకవైపు యుద్ధంలో ఆరితేరిన నారాయణ సైన్యం. ఇంకోవైపు తను ఒక్కడే. అది కూడా ఆయుధం పట్టడు, యుద్ధం చేయడు. చిన్నవాడు కాబట్టి ముందు కోరుకునే అవకాశం అర్జునుడికి ఇచ్చాడు.

అర్జునుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కృష్ణుణ్ణే కోరుకున్నాడు. అవతల దుర్యోధనుడికి పట్టరాని సంతోషం. తను అడగాలనుకున్నది అడగకుండానే దొరికింది మరి!

ఇక్కడ చాలామంది కథ ఆపేస్తారు. దీని తర్వాత ఒక చిన్న సంభాషణ ఉంది. దుర్యోధనుడు వెళ్లిపోయాక కృష్ణుడు, యుద్ధం చేయనన్న నన్ను ఎందుకు కోరుకున్నావని అడుగుతాడు. నువ్వు నా రథం నడపాలన్నది నాకు ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక, అంటాడు అర్జునుడు. గెలిపించమని అడగలేదు. శత్రువులని నువ్వే చంపెయ్ అనలేదు. నా బండిలో నువ్వు కూర్చో బావా, చాలు అన్నాడు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మనం దేవుడి ముందు నిలబడి అడిగేవి ఒక లిస్ట్ రాసుకుంటే అందులో తొంభై శాతం సైన్యమే ఉంటుంది. ఆఫర్ లెటర్ రావాలి, వీసా రావాలి, రిపోర్ట్ నార్మల్ రావాలి, సంబంధం కుదరాలి. అడగడం తప్పేం కాదు. పిల్లలు అమ్మానాన్నలని అడగరా? కానీ సైన్యం మాత్రమే అడిగినవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. సైన్యం రావడం ఆలస్యమైతే, దేవుడే లేడేమో అనిపిస్తుంది. మన చెల్లెలు అడిగిన ప్రశ్న అక్కడే పుడుతుంది.

సారథి చేసే పని ఏమిటి?

పార్థసారథి అని మన ఇళ్లలో పేర్లు పెట్టుకుంటాం. ఆ పేరుకి అర్థం పార్థుడి రథం తోలేవాడు అని. ఈ రోజుల భాషలో చెప్పాలంటే డ్రైవర్. లోకాలన్నీ ఎవరివో ఆయన వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

పైగా ఆర్డర్ కూడా తీసుకున్నాడు. గీత మొదటి అధ్యాయం తెరిచి చూడండి. రెండు సేనల మధ్యకి నా రథాన్ని తీసుకెళ్లు అని అర్జునుడు చెప్తాడు. కృష్ణుడు ఎదురు మాట్లాడకుండా తీసుకెళ్లి నిలబెడతాడు. అక్కడికి వెళ్తే ఇతను కుప్పకూలిపోతాడని ఆయనకి తెలియదా? తెలుసు. అయినా తీసుకెళ్లాడు. అర్జునుడు విల్లు కింద పడేసి కూలబడ్డప్పుడు రథం వెనక్కి తిప్పలేదు. విల్లు తను తీసుకోలేదు. మాట్లాడాడు. అర్జునుడు ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే ఓపికగా జవాబు చెప్తూనే ఉన్నాడు. చివరికి పద్దెనిమిదో అధ్యాయంలో, నేను చెప్పాల్సింది చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అన్న అర్థంలో నిర్ణయం మళ్లీ అర్జునుడికే వదిలేశాడు.

సారథి ఉన్నంత మాత్రాన యుద్ధం ఆగదు. బాణం మనమే వేయాలి. ఇంటర్వ్యూకి మనమే ప్రిపేర్ అవ్వాలి. కానీ బాణం వేస్తున్నంతసేపూ గుర్రాలు ఎటు పోతున్నాయో అన్న భయం అక్కర్లేదు.

పదమూడో రోజు

ఇప్పుడు కష్టమైన భాగం. వీడియోలో దీన్ని రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. అలా వదిలేయకూడదు.

యుద్ధం పదమూడో రోజు. సంశప్తకులు అర్జునుణ్ణి పిలిచి దూరంగా తీసుకుపోయారు. రథంలో కృష్ణుడున్నాడు. ఇవతల పద్మవ్యూహంలో పదహారేళ్ల అభిమన్యుడు ఒంటరిగా చిక్కుకుపోయి చనిపోయాడు. సాయంత్రం రథం శిబిరానికి తిరిగి వస్తుంటే వాద్యాలు వినిపించలేదు. ఎదురొచ్చినవాళ్లు తల దించుకున్నారు. అర్జునుడికి గుండె జారిపోయింది. కొడుకు రోజూ ఎదురొచ్చేవాడు, ఈరోజు రాలేదేమని అడిగాడు.

కృష్ణుడు పక్కనే ఉన్నాడు. అయినా కొడుకు పోయాడు. అభిమన్యుడు కృష్ణుడికి స్వయానా మేనల్లుడు. మహాభారతం ఈ విషయాన్ని దాచలేదు, తేలిక చేయలేదు. దేవుడు తోడుంటే కష్టమే రాదని ఎవరైనా చెప్తే, వాళ్లు పదమూడో రోజు చదవలేదన్నమాట.

ఆ రాత్రి కృష్ణుడు ఏం చేశాడో చూడండి. ముందు ఏడుస్తున్న అర్జునుణ్ణి పట్టుకుని ఓదార్చాడు. నువ్వు ఇలా ఉంటే నీ తమ్ముళ్లు, నీవాళ్లు తట్టుకోలేరు, వాళ్లకి నువ్వు ధైర్యం చెప్పాలి అన్నాడు. తర్వాత చెల్లెలు సుభద్ర దగ్గరికి వెళ్లి ఆమెని ఓదార్చాడు. ఈలోపు అర్జునుడు ఆవేశంలో ప్రతిజ్ఞ చేసేశాడు. రేపు సూర్యుడు అస్తమించేలోపు జయద్రథుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానన్నాడు. కృష్ణుడు కాస్త గట్టిగానే, నన్ను ఒక్క మాట అడక్కుండా ఇంత బరువు నెత్తికెత్తుకున్నావేమిటని అన్నాడు. అయినా నీ ప్రతిజ్ఞ, నీ తిప్పలు అని వదిలేయలేదు.

అర్జునుడు ఎలాగో నిద్రపోయాడు. కృష్ణుడికి నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి తన సారథి దారుకుణ్ణి పిలిచి, తెల్లవారేసరికి తన సొంత రథాన్ని ఆయుధాలతో సహా సిద్ధంగా ఉంచమన్నాడు. అర్జునుడు లేని లోకాన్ని తను చూడలేనన్నాడు. ఈ మాటలు అర్జునుడి ముందు అనలేదు. అర్జునుడికి తెలియనే తెలియదు. అతను పడుకున్నాడు, ఆయన మేలుకుని ఉన్నాడు.

నాకు ఈ భాగం చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. రాత్రి రెండింటికి నిద్ర పట్టక ఫోన్ పట్టుకుని పైకప్పు చూస్తూ, నన్నెవరూ పట్టించుకోవట్లేదు అనుకున్న రాత్రులు మనందరికీ ఉంటాయి. అలాంటి రాత్రి దారుకుణ్ణి గుర్తు తెచ్చుకోండి. మనకి వినిపించని చోట మన గురించి ఒక ఏర్పాటు జరుగుతూ ఉండవచ్చు.

గుర్రాలకి నీళ్లు

మర్నాడు పద్నాలుగో రోజు. టైమ్ లేదు. సూర్యాస్తమయం లోపు పని పూర్తవ్వాలి. జయద్రథుడు ఎక్కడో లోపల, అంచెలంచెల సైన్యం వెనక దాక్కున్నాడు. మధ్యాహ్నానికి రథం గుర్రాలు అలిసిపోయాయి. ఒంటినిండా బాణాలు దిగి, దాహంతో రొప్పుతున్నాయి.

మనమైతే ఏం చేస్తాం? డెడ్‌లైన్ ఉంది, ఇంకొంచెం లాగించేద్దాం అంటాం. కృష్ణార్జునులు ఆగారు. అర్జునుడు రథం దిగి నేల మీద నిలబడి శత్రువుల్ని ఆపుతూనే, బాణంతో భూమిని చీల్చి నీటి మడుగు పుట్టించాడు. చుట్టూ బాణాలతోనే ఒక పందిరిలా కట్టాడు. కృష్ణుడు గుర్రాలని విప్పాడు. ఒక్కో బాణం పీకాడు. ఒళ్లంతా నిమిరి, నీళ్లు తాగించి, సేద తీర్చి మళ్లీ కట్టాడు. చుట్టూ యుద్ధం జరుగుతోంది, ఆయన ముఖంలో కంగారు లేదు.

కఠోపనిషత్తు మన శరీరాన్ని రథంతో, ఇంద్రియాలని గుర్రాలతో, మనసుని పగ్గాలతో, బుద్ధిని సారథితో పోలుస్తుంది. ఆ పోలిక గుర్తు పెట్టుకుని ఈ ఘట్టం మళ్లీ చదవండి. మీ గుర్రాలు అలిసిపోయినప్పుడు ఆపి నీళ్లు పట్టమని లోపల నుంచి ఒక మాట వస్తుంది. అది బద్ధకం కాకపోవచ్చు. సారథే చెప్తున్నాడేమో.

నా సంగతి చెప్తానన్నాను కదా. కొన్నేళ్ల క్రితం మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. థియేటర్ బయట నేను ఒక్కణ్ణే. అమ్మని ఇంట్లో ఉంచి వచ్చాను. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. జేబులో చిన్న కృష్ణుడి ఫోటో. దాన్ని పట్టుకుని, నువ్వుంటే ఏదో ఒకటి చెయ్యి, లేకపోతే లేవని చెప్పు అని కోపంగా అనుకుంటున్నాను. నేల తుడుస్తున్న ఒక పెద్దావిడ నా ముందు ఆగి, "తిన్నావా నాయనా?" అంది. లేదన్నాను. "నువ్వు పడిపోతే లోపలున్నాయనకి ఎవరు చేస్తారు? కిందకి పోయి రెండు ఇడ్లీలు తినిరా. అప్పటిదాకా నేను ఈడనే ఉంటా" అంది. వెళ్లి తిన్నాను. వచ్చేసరికి ఆమె నిజంగానే ఆ తలుపు దగ్గర బకెట్ పక్కన పెట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు నాకు అది దేవుడి పని అనిపించలేదు. ఆకలేసింది, తిన్నాను, అంతే. ద్రోణపర్వంలో గుర్రాల ఘట్టం చదువుతుంటే ఆ ఇడ్లీలు గుర్తొచ్చాయి.

దారి చూపడం అంటే...

చాలామంది అడుగుతారు. దేవుడు దారి చూపిస్తాడంటారు, ఎలా తెలుస్తుంది? ఎక్కడ చూసినా ఒకే నంబర్ కనిపిస్తోంది, అది సంకేతమా? చీటీలు వేసి తీయమంటారా?

చీటీలు వేయడం మన ఇళ్లలో ఉన్నదే. పెద్దల నమ్మకాన్ని నేను కాదనను. కానీ గీత చెప్పే పద్ధతి వేరు. పదో అధ్యాయంలో భగవంతుడు, ప్రేమతో నన్ను కొలిచేవాళ్లకి నన్ను చేరే బుద్ధిని నేనే ఇస్తానని చెప్తాడు. బుద్ధి ఇస్తాడట. కఠోపనిషత్తులో సారథి ఎవరు? బుద్ధి. ఈ రెండూ కలిపి చూడండి. ఆయన మన రథంలో కూర్చునే చోటు అదే. అందుకే ఆయన మాట ఆకాశం నుంచి వినిపించకపోవచ్చు. మసకబారిన ఆలోచన కొంచెం తేటపడటంలా, ఇప్పుడు చేయాల్సిన ఒక్క పని కనిపించడంలా రావచ్చు.

మరి ఆ వచ్చిన ఆలోచన నా భయమా, ఆయన మాటా? దీనికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది: ఇది నా కర్తవ్యం వైపు తీసుకెళ్తోందా, దాని నుంచి పారిపోయేలా చేస్తోందా? కురుక్షేత్రంలో అర్జునుడి మొదటి ఆలోచన చాలా మంచిదిలాగే కనిపించింది. యుద్ధం వద్దు, భిక్షాటన చేసుకుని బతుకుతానన్నాడు. అది వైరాగ్యం కాదు, దుఃఖంలో పుట్టిన పలాయనం అని కృష్ణుడు చెప్పాల్సి వచ్చింది.

రెండోది: ఇది ఆవేశంలో వచ్చిందా? జయద్రథుడి మీద ప్రతిజ్ఞ గుర్తుందిగా. కోపంలో రాజీనామా మెయిల్ టైప్ చేసి ఉంటారు. పంపేముందు ఒక్క రాత్రి ఆగండి. బావని ఒక మాట అడగండి.

మూడోది: నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్లకి ఇది చెప్పగలనా? ఎవరికీ చెప్పకుండా దాచి చేయాలనిపిస్తే, అక్కడ ఏదో తేడా ఉన్నట్టే.

ఇంకో మాట కూడా చెప్పాలి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా, పూజ చేస్తే పోతుందని కూర్చోకండి. డాక్టర్‌ని కలవండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి. గాయపడ్డ గుర్రాల్లోంచి దేవుడు బాణాలు చేత్తో పీకాడు. వైద్యం చేయించుకోవడం భక్తికి లోటు కాదు.

గాయాలున్న ముఖం

చెన్నైలో ఉన్నవాళ్లు, చెన్నై వెళ్లేవాళ్లు ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి గుడికి ఒకసారి వెళ్లండి. పల్లవుల కాలం నాటి గుడి, నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. గర్భగుడిలో స్వామి పేరు వేంకటకృష్ణుడు. నిలువెత్తు మూర్తి, ముఖానికి మీసాలు. చేతిలో శంఖం ఉంటుంది, చక్రం ఉండదు. ఆయుధం పట్టనని మాటిచ్చాడు కదా, అందుకని.

ఉత్సవమూర్తి పార్థసారథి ముఖాన్ని హారతి వెలుగులో జాగ్రత్తగా చూడండి. ముఖం మీద మచ్చలు కనిపిస్తాయి. అవి యుద్ధంలో భీష్ముడి బాణాలు తగిలిన గుర్తులని అక్కడి భక్తుల నమ్మకం. ఆలోచించండి, రథంలో సారథి ముందు కూర్చుంటాడు. వీరుడు వెనక ఉంటాడు. ఎదుటివాళ్లు వేసే బాణం ముందు ఎవరికి తగులుతుంది?

దేవుడు దూరంగా కూర్చుని మన కష్టాన్ని చూస్తున్నాడని అనుకునేవాళ్లకి ఆ ముఖమే సమాధానం.

కాలిపోయిన రథం

ఇక చివరి ఘట్టం. నాకు మహాభారతం మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైనది.

పద్దెనిమిదో రోజు. దుర్యోధనుడు పడిపోయాడు. రథాలన్నీ కౌరవుల శిబిరం దగ్గర ఆగాయి. మామూలుగా సారథి ముందు దిగి, తర్వాత వీరుడు దిగుతాడు. ఆ రోజు కృష్ణుడు తిరగేసి చెప్పాడు. గాండీవం, అమ్ములపొదులు తీసుకుని నువ్వు ముందు దిగు, నేను తర్వాత దిగుతానన్నాడు. అర్జునుడికి కారణం తెలియలేదు. అయినా దిగాడు. అప్పుడు కృష్ణుడు పగ్గాలు వదిలి కిందకి దిగాడు. జెండా మీదున్న కపివరుడు మాయమయ్యాడు. మరుక్షణం, ఎవరూ నిప్పు పెట్టకుండానే, రథం భగ్గున మండి బూడిదైపోయింది.

అర్జునుడు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇదేమిటని అడిగాడు. ద్రోణుడు, కర్ణుడు వేసిన అస్త్రాలకి ఈ రథం ఎప్పుడో కాలిపోయింది, నేను కూర్చుని ఉన్నాను కాబట్టి ఇన్నాళ్లూ నిలబడింది, నీ పని అయిపోయింది కనుక ఇప్పుడు వదిలేశాను, అని చెప్పాడు కృష్ణుడు.

రోజులకి రోజులు అర్జునుడు అందులోనే నిలబడి యుద్ధం చేశాడు. ఒక్కసారి కూడా అతనికి తెలియలేదు. కర్ణుడి నాగాస్త్రం వచ్చినప్పుడు కృష్ణుడు కాలితో రథాన్ని భూమిలోకి తొక్కి కిరీటం మాత్రమే ఎగిరిపోయేలా చేయడం, అదైతే కంటికి కనిపించింది. కాలిపోయిన రథాన్ని కూర్చునే మోయడం మాత్రం దిగాకే తెలిసింది.

మా నాన్నగారు ఆ ఆపరేషన్ తర్వాత కోలుకున్నారు. పదకొండు నెలలు మాతో ఉన్నారు. తర్వాత వెళ్లిపోయారు. నేను అడిగిన సైన్యం చివరికి రాలేదనే చెప్పాలి. చాలాకాలం గుడికి వెళ్లినా మనసులో మాట్లాడేవాణ్ణి కాదు. తర్వాత ఎప్పుడో ఆ పదకొండు నెలలు గుర్తు చేసుకుంటే ఒకటి అర్థమైంది. ఆ నెలల్లోనే నాన్నతో నేను మొట్టమొదటిసారి కూర్చుని మాట్లాడాను. చిన్నప్పటి కోపాలు తీరిపోయాయి. ఆయన చేత్తో నాకు అన్నం కలిపి పెట్టించుకున్నాను. నేను విరిగిపోకుండా ఆ రోజులు ఎలా దాటానో నాకు తెలియదు. నా లెక్క ప్రకారం నా రథం ఆ కారిడార్‌లోనే కాలిపోయింది. మరి మోసిందెవరు?

ఇది ఎవరికీ నిరూపించలేను. మీరు మీ రథాలు చూసుకోండి.

ఈ వారం సాధన

ఏడు రోజులు చేసి చూడండి. పెద్ద కష్టమేం లేదు.

పొద్దున్న ఫోన్ ముట్టుకునే ముందు రెండు నిమిషాలు కూర్చోండి. కళ్లు మూసుకుని, ఈరోజు పగ్గాలు నువ్వు పట్టుకో, బాణాలు నేను వేస్తాను అని మీ మాటల్లో చెప్పుకోండి. మీ ఇష్టదైవం ఎవరైనా సరే. రాముడైనా, శివుడైనా, అమ్మవారైనా, మీ ఇంటి దేవుడైనా.

పగలు ఒక్కసారైనా, మెట్రోలోనో, మీటింగ్ ముందో, నీ అభిప్రాయం ఏంటి అని లోపల అడగండి. అర్జునుడు విశ్వరూపం చూశాక క్షమాపణ అడిగాడు. నిన్ను మామూలు స్నేహితుడనుకుని తినేటప్పుడు, పడుకునేటప్పుడు, ఆడుకునేటప్పుడు ఎగతాళి చేశాను అన్నాడు. అంటే ఆ తిండి దగ్గర, ఆ ఆటల దగ్గర కూడా ఆయన ఉన్నాడు. మీ లంచ్ బాక్స్ దగ్గర కూడా ఉంటాడు, మొహమాటం లేకుండా మాట్లాడండి.

రాత్రి పడుకునే ముందు, ఈరోజు నేను పడిపోవాల్సిన చోట నన్ను నిలబెట్టింది ఏది అని ఒక్క లైన్ నోట్‌బుక్‌లో రాయండి. ఒక మనిషి కావచ్చు, ఒక మాట కావచ్చు, రెండు ఇడ్లీలు కావచ్చు. వారం తర్వాత ఆ ఏడు లైన్లు కలిపి చదవండి.

చెల్లెలికి

అమ్మా, నీ ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్తాను. ఉద్యోగం ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్తే అది అబద్ధం. కానీ నాలుగు నెలలుగా ఈ బరువు ఒక్కదానివే మోస్తూ, రోజూ లేచి, దీపం పెట్టి, మళ్లీ అప్లై చేస్తున్నావు. ఆ రథం ఏ బలంతో నిలబడిందో ఒకసారి ఆలోచించు.

నీ గుర్రాలు బాగా అలిసిపోయాయి. వాటికి నీళ్లు పట్టాలి. ఈరోజు సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పు. తిడుతుందేమో, ఏడుస్తుందేమో. తర్వాత "ముందు అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. ఆ మాట విన్నప్పుడు సారథి ఎక్కడున్నాడో నీకే తెలుస్తుంది.

వచ్చే వారం గజేంద్రుడి కథతో కలుద్దాం. అప్పటిదాకా పగ్గాలు ఆయన చేతిలో పెట్టి హాయిగా ఉండండి.

జై శ్రీకృష్ణ!